ఒక ప్రాసెసర్‌కు ఒక ఓటు: ప్రత్యామ్నాయ క్రిప్టో నాణేల మైనింగ్ పరికరాలు – చారిత్రక పరిశీలన (2009–2022)

వ్యాససంగ్రహం

బిట్‌కాయిన్ ఆవిర్భావ సమయంలో ఇంట్లో ఉండే ప్రతి కంప్యూటర్‌కూ మైనింగ్‌లో సమాన భాగస్వామ్యం ఉంటుందన్న భావన ప్రధానంగా ఉండేది. గ్రాఫిక్స్ కార్డులు, ఆపైన ప్రత్యేక చిప్‌లు రావడంతో నాలుగేళ్లలోనే ఆ భావన సడలిపోయింది. దానిని తిరిగి నిలబెట్టాలన్న ఆశయంతో లైట్‌కాయిన్, డాష్, ఇథీరియం, మొనేరో వంటి ప్రత్యామ్నాయ నాణేల రూపకర్తలు కొత్త గణనపద్ధతులను చేపట్టారు. ఆ పద్ధతులు ఏ పరికరాన్ని ఎంచుకునేలా చేశాయి, ఎంతకాలం నిలిచాయి, వాటి మూల్యాన్ని ఎవరు చెల్లించారు అన్న విషయాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రిప్టో నాణేలు, మైనింగ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఏసిక్, స్క్రిప్ట్, ఈథాష్, ర్యాండమ్‌ఎక్స్, వికేంద్రీకరణ.

1. ఉపోద్ఘాతం

క్రిప్టో నాణేల చర్చ ఎక్కువగా ధరల హెచ్చుతగ్గుల చుట్టూ, పెట్టుబడి లాభనష్టాల చుట్టూ తిరుగుతుంది. ఆ నాణేలను పుట్టించే యంత్రాల చరిత్ర మీద దృష్టి తక్కువ. నిజానికి ఈ వ్యవస్థలో అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికి ధరల పట్టిక కంటే యంత్రాల చరిత్రే ఎక్కువ ఆధారాలనిస్తుంది. ఏ కాలంలో ఏ పరికరం గెలిచిందో తెలిస్తే, ఆ పరికరాన్ని కొనగలిగిన వారెవరో, తయారు చేయగలిగిన వారెవరో, నడపడానికి కావలసిన విద్యుత్తు ఎవరికి చౌకగా అందుబాటులో ఉందో తెలుస్తుంది.

ముందుగా పరిభాష విషయం. ‘మైనింగ్’ అన్న మాటను ‘గని తవ్వకం’గా అనువదించడం పరిపాటి. బిట్‌కాయిన్ మూలపత్రంలోనే బంగారపు గనుల పోలిక ఉంది కాబట్టి ఆ అనువాదానికి ఆధారం లేకపోలేదు. అయితే ఆ పోలిక ఒక ముఖ్యమైన విషయంలో మనలను తప్పుదారి పట్టిస్తుంది. సింగరేణిలో మరికొన్ని గనులు తెరిస్తే మరింత బొగ్గు వస్తుంది. ఇక్కడ తవ్వేవారు పెరిగినంత మాత్రాన నాణేలు పెరగవు. యంత్రాలు ఎక్కువైతే లెక్క కష్టమయ్యేలా, తగ్గితే సులువయ్యేలా వ్యవస్థ తనను తాను సర్దుకుంటుంది. బిట్‌కాయిన్‌లో ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి ఈ సర్దుబాటు జరుగుతుంది. అంటే ఇది లాటరీకి దగ్గరగా ఉంటుంది. బహుమతి మారదు, టిక్కెట్లు కొనేవారు పెరిగిన కొద్దీ ఒక్కొక్కరి అవకాశం తగ్గుతుంది. ఒకరు కొత్త యంత్రం కొంటే ఆ మేరకు మిగిలినవారి వాటా తరుగుతుంది. పరికరాల ఎంపికలో కనిపించే తీవ్రమైన పోటీకి మూలం ఇదే. అందువల్ల ఈ వ్యాసంలో ‘మైనింగ్’ అన్న మాటనే వాడటం జరిగింది.

ఆ లాటరీ టిక్కెట్టు ఏమిటంటే, ఒక ఊహాసంఖ్య. లావాదేవీల కట్టను, అంటే బ్లాకును, ఆ సంఖ్యతో కలిపి ‘హాష్’ అనే గణితప్రక్రియకు లోబరచగా వచ్చే ఫలితం ఒక నిర్ణీత హద్దు కంటే చిన్నదిగా ఉండాలి. అటువంటి సంఖ్యను కనుగొనడానికి దగ్గరదారి లేదు. ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడవలసిందే. ఈ శ్రమకు ఫలితమే రుజువు. సెకనుకు ఎన్ని ప్రయత్నాలు చేయగలదన్నదే యంత్రం సామర్థ్యానికి కొలత.

2. పూర్వరంగం (1992–2009)

కంప్యూటర్ చేత శ్రమ చేయించి, దానిని రుజువుగా స్వీకరించాలన్న ఆలోచన నాణేల కంటే ముందే పుట్టింది. అనవసరపు ఈమెయిళ్లను అరికట్టడానికి పంపేవారి కంప్యూటర్ కొంత లెక్క చేయాలని 1992లో సింథియా డ్వార్క్, మోనీ నవోర్ ప్రతిపాదించారు. 1997లో ఆడమ్ బ్యాక్ ‘హాష్‌క్యాష్’ పేరుతో ఇటువంటి పద్ధతినే అమలులో పెట్టారు.

ఈ ఆలోచనలో ఒక చిక్కు ఉన్నదని పరిశోధకులు అప్పుడే గుర్తించారు. పాత కంప్యూటర్‌కూ కొత్త కంప్యూటర్‌కూ మధ్య ప్రాసెసర్ వేగంలో తేడా చాలా ఎక్కువ. కొత్త యంత్రానికి క్షణంలో అయ్యే పని పాతదానికి నిమిషాలు పట్టవచ్చు. మెమొరీ నుంచి సమాచారాన్ని తెచ్చుకునే వేగంలో మాత్రం యంత్రాల మధ్య తేడా తక్కువ. కాబట్టి శ్రమను ప్రాసెసర్ వేగం మీద కాక మెమొరీ వేగం మీద ఆధారపడేలా రూపొందిస్తే పేద, ధనిక యంత్రాల మధ్య అంతరం తగ్గుతుందని 2003లో మార్టిన్ అబాడీ బృందం, విడిగా డ్వార్క్ బృందం వాదించాయి. తరువాతి కాలంలో పలు ప్రత్యామ్నాయ నాణేలు ఏదో ఒక రూపంలో ఆశ్రయించిన సూత్రం ఇదే. 2009లో కాలిన్ పెర్సివల్ సంకేతపదాల రక్షణ కోసం రూపొందించిన ‘స్క్రిప్ట్’ ఈ మార్గంలో మరొక ముఖ్యమైన మెట్టు.

3. బిట్‌కాయిన్: ప్రాసెసర్ నుంచి ప్రత్యేక చిప్ దాకా (2009–2013)

సతోషి నకమోటో పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రంలో ఒక ప్రాసెసర్‌కు ఒక ఓటు అన్న సూత్రం ఉంది. చిరునామాకు ఒక ఓటు అంటే ఒకరే వేల చిరునామాలు సృష్టించుకోగలరు; ప్రాసెసర్‌ను మాత్రం డబ్బు పెట్టి కొనవలసిందే. 2009 జనవరి 3న మొదటి బ్లాకు ఏర్పడిన నాటి నుంచి ఏడాదికి పైగా మామూలు కంప్యూటర్లే ఈ పని చేశాయి.

బిట్‌కాయిన్ ఎంచుకున్న హాష్ ప్రక్రియ ‘షా–256’. దీనికి మెమొరీ అవసరం చాలా తక్కువ. కొన్ని కూడికలు, బిట్ల జరుపుళ్లు ఉంటే చాలు. ఇటువంటి చిన్న పనిని ఏకకాలంలో వందలసార్లు చేయడానికి గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా సరిపోతుంది. ఈ ప్రమాదాన్ని సతోషి ముందే గ్రహించారు. గ్రాఫిక్స్ కార్డుల పోటీని వీలైనంత కాలం వాయిదా వేయాలని 2009 డిసెంబరులోనే సహచరులను కోరారు. ఆ పెద్దమనుషుల ఒప్పందం ఆరు నెలలు కూడా నిలవలేదు. 2010 మధ్యకల్లా గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ మొదలయింది.

పరికరాల ఎంపికలో మొదటి ఆసక్తికరమైన తేడా ఈ దశలోనే కనిపిస్తుంది. ఆటలు ఆడేవారికి ఎన్విడియా, ఏఎండీ కార్డులు ఇంచుమించు సమానం. మైనింగ్‌లో మాత్రం ఏఎండీ రేడియాన్ కార్డులు ఎంతో ముందున్నాయి. రేడియాన్ హెచ్‌డీ 5870లో 1600 చిన్న గణనవిభాగాలు ఉండగా, ఎన్విడియా జీటీఎక్స్ 480లో అటువంటివి 480 మాత్రమే. పైగా షా–256లో పదేపదే వచ్చే బిట్ల భ్రమణాన్ని ఏఎండీ కార్డు ఒకే ఆదేశంతో పూర్తి చేసేది. ఆటల కోసం చేసిన ఒక నిర్మాణనిర్ణయం, దానితో సంబంధమే లేని మరొక రంగంలో విజేతను నిర్ణయించింది.

2011లో ఎఫ్‌పీజీఏ అనే, అవసరాన్ని బట్టి తీరు మార్చుకోగల చిప్‌లు కొంతకాలం వాడుకలోకి వచ్చాయి. వాటి వేగం గ్రాఫిక్స్ కార్డుకు మించినది కాకపోయినా విద్యుత్తు ఖర్చు చాలా తక్కువ. 2013 జనవరిలో అవలాన్ యంత్రాలు కొనుగోలుదారులకు చేరడంతో ‘ఏసిక్’ దశ మొదలయింది. ఏసిక్ అంటే ఒకే పనికోసం తయారైన చిప్. అది షా–256 తప్ప మరేమీ చేయలేదు. కానీ ఆ ఒక్క పనిలో దానికి సాటి లేదు. ఆ ఏడాదిలోనే స్థాపితమైన బిట్‌మెయిన్ సంస్థ, 2018లో హాంకాంగ్ స్టాక్ ఎక్స్‌ఛేంజీకి సమర్పించిన పత్రాల ప్రకారం, ప్రపంచ ఏసిక్ మైనింగ్ యంత్రాల విపణిలో నాలుగింట మూడు వంతుల వాటాకు చేరుకుంది. ఒక ప్రాసెసర్‌కు ఒక ఓటు అన్న మాట ఆచరణలో చిప్ తయారీదారు ఓటుగా మారింది.

4. లైట్‌కాయిన్: 128 కిలోబైట్ల పరిమితి (2011–2017)

2011 ఏప్రిల్‌లో వచ్చిన తొలి ప్రత్యామ్నాయ నాణెం నేమ్‌కాయిన్ షా–256నే వాడింది కాబట్టి పరికరాల విషయంలో కొత్త ఎంపిక ఏదీ తేలేదు. మార్పు ఆ ఏడాది సెప్టెంబరులో టెనెబ్రిక్స్‌తో, అక్టోబరులో చార్లీ లీ విడుదల చేసిన లైట్‌కాయిన్‌తో వచ్చింది. ఇవి పెర్సివల్ స్క్రిప్ట్‌ను స్వీకరించాయి. గ్రాఫిక్స్ కార్డులతో బిట్‌కాయిన్ తవ్వుకుంటూ, ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌తో లైట్‌కాయిన్ తవ్వుకోవచ్చునన్నది నాటి ఆశ.

ఇక్కడ ఒక సాంకేతిక రాజీ ఉన్నది. స్క్రిప్ట్ వాడే మెమొరీని రూపకర్త ఇష్టం మేరకు నిర్ణయించవచ్చు. సంకేతపదాల రక్షణకు పెర్సివల్ సూచించిన కొలతలతో ఒక్కొక్క ప్రయత్నానికి 16 మెగాబైట్లు కావాలి. లైట్‌కాయిన్ ఎంచుకున్న కొలతలతో కావలసినది 128 కిలోబైట్లు మాత్రమే, అంటే అందులో 128వ వంతు. దీనికి కారణం ఉంది. తవ్వేవారు చేసిన లెక్కను నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరూ సరిచూడాలి. తవ్వకం కష్టంగా ఉండాలి, తనిఖీ తేలికగా ఉండాలి. మెమొరీ అవసరం పెంచితే తనిఖీ కూడా బరువవుతుంది.

ఆ చిన్న కొలతే కోటకు బలహీనమైన గోడ అయింది. 2012 నాటికి గ్రాఫిక్స్ కార్డులకు స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్ తయారైంది. 128 కిలోబైట్లను పూర్తిగా దాచుకోనక్కరలేదని, సగం దాచి మిగిలిన సగాన్ని అవసరమైనప్పుడు మళ్లీ లెక్కించుకోవచ్చునని ప్రోగ్రామర్లు కనుగొన్నారు. మెమొరీ కొరతను అదనపు గణనతో పూడ్చుకునే ఈ ఉపాయంతో ప్రాసెసర్లు వెనుకబడ్డాయి. 2013లో బిట్‌కాయిన్ నుంచి వెళ్లగొట్టబడిన రేడియాన్ కార్డులన్నింటికీ లైట్‌కాయిన్, ఆ డిసెంబరులో పుట్టిన డోజ్‌కాయిన్ ఆశ్రయమిచ్చాయి. అప్పటి రేడియాన్ హెచ్‌డీ 7970 సెకనుకు సుమారు 700 కిలోహాష్‌లు ఇచ్చేది.

2014లో స్క్రిప్ట్ ఏసిక్‌లు వచ్చాయి. గణనపద్ధతిని మార్చాలన్న వాదన తలెత్తినా లైట్‌కాయిన్ మారలేదు. 2017 నాటి బిట్‌మెయిన్ ఎల్3ప్లస్ యంత్రం 800 వాట్ల విద్యుత్తుతో 504 మెగాహాష్‌లు ఇచ్చింది. అంత వేగం హెచ్‌డీ 7970 కార్డులతో రావాలంటే 720 కార్డులు కావాలి. ఒక్కొక్కదానికి 250 వాట్ల చొప్పున వేసుకుంటే 180 కిలోవాట్లు. అంటే విద్యుత్తు లెక్కలో తేడా 225 రెట్లు. ఈ అంతరం ముందు కార్డు కొనేవారి నైపుణ్యానికి గానీ, శ్రమకు గానీ విలువ లేకుండా పోయింది.

5. సంక్లిష్టత వేరు, మెమొరీ వేరు: ఎక్స్11 పాఠం

2014 జనవరిలో ఎవాన్ డఫీల్డ్ ప్రారంభించిన నాణెం, తరువాత డాష్‌గా పేరు మార్చుకున్నది, మరొక దారి తొక్కింది. ఒకే హాష్ బదులు పదకొండు వేర్వేరు హాష్ ప్రక్రియలను వరుసగా పేర్చింది. అందుకే దాని పేరు ‘ఎక్స్11’. ఇన్నింటికి చిప్ తయారు చేయడం కష్టమన్నది ఊహ. గ్రాఫిక్స్ కార్డులు ఈ పద్ధతిలో తక్కువ వేడితో నడవడం వల్ల చిన్న మైనర్లు దీనిని ఇష్టపడ్డారు కూడా.

అయితే ఆ పదకొండింటిలో దేనికీ ఎక్కువ మెమొరీ అక్కరలేదు. చిప్ రూపకర్త చేయవలసినదల్లా పదకొండు చిన్న సర్క్యూట్లను ఒకదాని వెంట ఒకటి అమర్చడమే. 2016లో ఎక్స్11 ఏసిక్‌లు వచ్చాయి. 2017లో బిట్‌మెయిన్ డీ3 రంగంలోకి దిగింది. తాళాల సంఖ్య పెంచినంత మాత్రాన ఇంటికి భద్రత రాదని, ఒక్కొక్క తాళం స్వభావమే ముఖ్యమని ఈ ఉదంతం నిరూపించింది.

6. ఇథీరియం: గ్రాఫిక్స్ కార్డుల స్వర్ణయుగం (2015–2022)

ప్రత్యామ్నాయ నాణేల పరికరాల చరిత్రలో ఇథీరియంది ప్రధాన అధ్యాయం. 2015 జూలై 30న ప్రారంభమైన ఈ నెట్‌వర్క్ ‘ఈథాష్’ అనే పద్ధతిని వాడింది. లైట్‌కాయిన్ ఎదుర్కొన్న తనిఖీ చిక్కును ఇది తెలివిగా పరిష్కరించింది. తవ్వేవారి వద్ద ఒక పెద్ద సమాచార పట్టిక ఉండాలి; ప్రారంభంలో దాని పరిమాణం 1 గిగాబైటు. సరిచూసేవారికి 16 మెగాబైట్ల చిన్న పట్టిక ఉంటే చాలు. పెద్ద పట్టికలో కావలసిన భాగాన్ని దాని నుంచి అప్పటికప్పుడు పుట్టించుకోవచ్చు.

ఒక్కొక్క ప్రయత్నంలో ఆ పెద్ద పట్టిక నుంచి 128 బైట్ల చొప్పున 64 సార్లు చదవాలి. అంటే ప్రతి ప్రయత్నానికి 8192 బైట్లు. దీనివల్ల కార్డు ఎంపిక చాలావరకు ఒక భాగహారంగా మారింది. రేడియాన్ ఆర్ఎక్స్ 480 కార్డు 8 గిగాబైట్ల రకానికి మెమొరీ వేగం సెకనుకు 256 గిగాబైట్లు. దానిని 8192తో భాగిస్తే సెకనుకు సుమారు 31 మెగాహాష్‌లు గరిష్ఠ పరిమితి. ఆచరణలో 25 నుంచి 30 దాకా వచ్చేవి. గణనవిభాగాలు ఎన్ని ఉన్నా ఈ పరిమితిని దాటలేవు. అందుకే అనుభవజ్ఞులు కార్డు గణనవేగాన్ని, వోల్టేజీని తగ్గించి, మెమొరీ వేగాన్ని పెంచేవారు. ఎన్విడియాలో ఖరీదైన జీటీఎక్స్ 1080 తన కొత్తరకం మెమొరీ స్వభావం వల్ల తొలినాళ్లలో చౌకైన జీటీఎక్స్ 1070ని మించలేకపోవడం మైనర్లు తొందరగా నేర్చుకున్న పాఠం.

మిగిలిన పరికరాల ఎంపికా ఇదే తర్కాన్ని అనుసరించింది. పని అంతా కార్డులోనే జరుగుతుంది కాబట్టి ప్రాసెసర్ అతి చౌకదైనా సరిపోతుంది. కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచార ప్రవాహం స్వల్పం కాబట్టి సన్నని రైజర్ తీగలతో ఆరేడు కార్డులను ఒకే బోర్డుకు తగిలించవచ్చు. 2017లో అస్‌రాక్ 13 కార్డులకు, అసుస్ 19 కార్డులకు చోటున్న బోర్డులను మైనర్ల కోసమే విడుదల చేశాయి. డబ్బు పెట్టవలసిన చోటు కార్డులు, నాణ్యమైన పవర్ సప్లయ్, గాలి ఆడే అమరిక.

విద్యుత్తు లెక్క కూడా చూడాలి. ఆరు కార్డుల యంత్రం 850 వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు సుమారు 610 యూనిట్లు. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతి ఉన్న తెలుగు రాష్ట్రాల గృహవినియోగదారుకు ఇది భారమే. చౌక జలవిద్యుత్తు ఉన్న సిచువాన్ వంటి ప్రాంతాలకు, చల్లని వాతావరణం ఉన్న ఐస్‌లాండ్ వంటి దేశాలకు మైనింగ్ తరలిపోవడానికి కారణం ఇందులోనే ఉంది. పరికరం అందరికీ దొరికినా విద్యుత్తు ధర అందరికీ ఒకటి కాదు.

ఈథాష్‌కు కూడా 2018లో బిట్‌మెయిన్ ఈ3 పేరుతో ఏసిక్ వచ్చింది. అయితే దానికీ మెమొరీ వేగమే హద్దు కావడంతో, స్క్రిప్ట్‌లో చూసిన వందల రెట్ల అంతరం ఇక్కడ ఏర్పడలేదు. కార్డులను వెళ్లగొట్టినది పట్టిక పెరుగుదల. ప్రతి 30,000 బ్లాకులకు అది 8 మెగాబైట్లు పెరుగుతుంది. 1 గిగాబైటు నుంచి 4 గిగాబైట్లకు చేరాలంటే 3072 మెగాబైట్లు, అంటే 384 విడతలు పడుతుంది. 2020 డిసెంబరు చివర ఆ హద్దు దాటడంతో 4 గిగాబైట్ల కార్డులు ఒక్కసారిగా నిరుపయోగమయ్యాయి. ఈ లెక్క మొదటి రోజు నుంచే అందరికీ అందుబాటులో ఉంది. ముందుచూపుతో 8 గిగాబైట్ల కార్డు కొన్నవారికి మరో ఇరవై నెలల ఆదాయం దక్కింది.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌నే విడిచిపెట్టి, నాణేల తాకట్టు ఆధారంగా నడిచే పద్ధతికి మారింది. దాని విద్యుత్ వినియోగం 99.9 శాతానికి పైగా తగ్గిందని ఇథీరియం వర్గాలు ప్రకటించాయి. లక్షలాది కార్డులు ఒకే రోజున ప్రధాన ఆదాయాన్ని కోల్పోయాయి. ఇథీరియం క్లాసిక్, రేవెన్‌కాయిన్ వంటి చిన్న నాణేలకు అవి వలసపోగా, అక్కడ పోటీ పెరిగి రాబడి విద్యుత్ ఖర్చుకూ చాలని స్థితి ఏర్పడింది.

7. మొనేరో: ప్రాసెసర్‌నే ప్రత్యేక చిప్‌గా ఎంచుకోవడం (2014–2019)

2014 ఏప్రిల్‌లో ప్రారంభమైన మొనేరో మొదట ‘క్రిప్టోనైట్’ పద్ధతిని వాడింది. ఒక్కొక్క ప్రయత్నానికి 2 మెగాబైట్ల మెమొరీ కావాలి. ప్రాసెసర్‌లోని కాష్ మెమొరీలో ఒక్కొక్క కోర్‌కు ఇంచుమించు అంతే దక్కుతుంది. అయినా 2018 మార్చిలో బిట్‌మెయిన్ దీనికీ ఏసిక్‌ను ప్రకటించింది. మొనేరో సమాజం లైట్‌కాయిన్‌లా ఊరుకోలేదు. ఏప్రిల్‌లో పద్ధతిని స్వల్పంగా మార్చింది. మార్పు అమలైన వెంటనే నెట్‌వర్క్ గణనశక్తి సగానికి పైగా పడిపోయింది. ప్రకటనకు ముందే ఏసిక్‌లు రహస్యంగా పనిచేస్తున్నాయన్న అనుమానానికి ఈ పతనం బలమైన ఆధారంగా నిలిచింది.

ఆ తర్వాత 2018 అక్టోబరులోను, 2019 మార్చిలోను మళ్లీ మార్పులు చేయవలసి వచ్చింది. ఆరు నెలలకు ఒకసారి తాళం మార్చే ఈ విధానంలో, మార్పు నిర్ణయించే కొద్దిమంది ప్రోగ్రామర్ల చేతిలో అధికారం పోగుపడుతుందన్న విమర్శ సహేతుకమైనది. దీనికి శాశ్వత పరిష్కారంగా 2019 నవంబరు 30న ‘ర్యాండమ్‌ఎక్స్’ అమలులోకి వచ్చింది.

దీని వెనుక ఆలోచన పూర్వపద్ధతులకు భిన్నమైనది. ప్రతి ప్రయత్నంలోనూ యంత్రం యాదృచ్ఛికంగా పుట్టిన చిన్న ప్రోగ్రాములను నడపాలి. వాటిలో పూర్ణాంకాల లెక్కలు, దశాంశాల లెక్కలు, శాఖలుగా చీలే ఆదేశాలు, మెమొరీ చదువులు అన్నీ ఉంటాయి. 2 గిగాబైట్లకు పైబడిన ప్రధాన పట్టిక, ఒక్కొక్క పోగుకు 2 మెగాబైట్ల కాష్ కావాలి. ఇటువంటి పనిని వేగంగా చేయగల చిప్ తయారు చేయబోతే చివరికి తయారయ్యేది ప్రాసెసరే. దశాబ్దాలుగా ఇంటెల్, ఏఎండీ పెట్టిన పరిశోధనా వ్యయమంతా సామాన్యుడి పక్షాన నిలబడుతుంది. దీనితో ఎంపిక ప్రమాణాలు మళ్లీ మారాయి. పెద్ద కాష్ ఉన్న ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు ముందుకు వచ్చాయి. గ్రాఫిక్స్ కార్డులు వెనుకబడ్డాయి. తరువాత 2023లో బిట్‌మెయిన్ ఎక్స్5 యంత్రాన్ని తెచ్చినా, వాట్‌కు వచ్చే ఫలితంలో అది మంచి ప్రాసెసర్‌ను వందల రెట్లు మించలేకపోయింది.

8. సమానత్వానికి చెల్లించిన మూల్యం

ఏసిక్‌లను అడ్డుకోవడం నిరపాయకరమైన మేలని భావించడం సరికాదు. దీనికి రెండు రకాల మూల్యం ఉన్నది.

మొదటిది దొంగతనం. ఏ ప్రాసెసర్ అయినా తవ్వగలదంటే దొంగిలించిన ప్రాసెసర్ కూడా తవ్వగలదు. 2017 సెప్టెంబరులో వచ్చిన ‘కాయిన్‌హైవ్’ అనే సేవ, వెబ్‌సైటు చూసేవారి కంప్యూటర్ చేత మొనేరో తవ్వించే కోడ్‌ను అందించింది. చూసేవారి అనుమతి లేకుండా దీనిని అతికించడం త్వరలోనే అంతటా వ్యాపించింది. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వ సైట్లతో సహా వేలాది వెబ్‌సైట్లు దీని బారిన పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన శాఖ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో ఇటువంటి మైనింగ్ కోడ్ బయటపడినట్లు పత్రికలు వెల్లడించాయి. ఈ సైట్లను తెరిచిన పౌరుడి కంప్యూటర్, అతనికి తెలియకుండానే, ఎవరికోసమో విద్యుత్తు ఖర్చు చేసిందన్నమాట. ఏసిక్ యుగపు బిట్‌కాయిన్‌కు ఈ దొంగతనం గిట్టుబాటు కాదు. సామాన్య ప్రాసెసర్‌ను గౌరవించిన నాణేనికే ఇది గిట్టుబాటయింది.

రెండవది భద్రత. ఏసిక్ కొన్నవాడు ఆ నాణేనికి కట్టుబడి ఉంటాడు. నాణెం నాశనమైతే అతని యంత్రం ఇనుపముక్క. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడికి ఆ బంధం లేదు. ఈ రోజు ఒక నాణెం, రేపు మరొకటి. ఆ శక్తిని గంటల లెక్కన అద్దెకు ఇచ్చే విపణులూ వెలిశాయి. చిన్న నాణెం మొత్తం శక్తిలో సగానికి మించి అద్దెకు తీసుకుంటే చేసిన చెల్లింపులను వెనక్కు తిప్పవచ్చు. మైనింగ్‌ను తిరిగి గ్రాఫిక్స్ కార్డులకు ఇవ్వాలన్న నినాదంతోనే 2017లో బిట్‌కాయిన్ నుంచి చీలిన బిట్‌కాయిన్ గోల్డ్, 2018 మేలో సరిగ్గా ఇటువంటి దాడికే గురయింది. ఇథీరియం క్లాసిక్ 2019 జనవరిలో ఒకసారి, 2020 ఆగస్టులో పలుమార్లు దెబ్బతిన్నది.

9. విపణి, ప్రభుత్వం

మైనింగ్‌తో సంబంధం లేనివారు కూడా మూల్యం చెల్లించారు. 2017–18లోను, 2020–21లోను గ్రాఫిక్స్ కార్డుల కొరత ఆటలవారినే కాక, ఆ కార్డును పనిముట్టుగా వాడే యానిమేషన్ కళాకారులను, యంత్రాభ్యాస పరిశోధకులను ఇబ్బంది పెట్టింది. 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో ఇథీరియం వేగాన్ని సగానికి తగ్గించే ఏర్పాటు చేసింది. నెల తిరగకుండానే ఆ సంస్థే పొరపాటున విడుదల చేసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఆ అడ్డును తొలగించింది. 2018 ఆర్థిక సంవత్సరపు అమ్మకాలపై మైనింగ్ ప్రభావాన్ని మదుపర్లకు తగినంతగా వెల్లడించలేదన్న అభియోగంపై 2022 మేలో ఎన్విడియా అమెరికా నియంత్రణ సంస్థకు 55 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కారం చేసుకుంది. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించడంతో యంత్రాలు దేశాలు దాటాయి.

భారతదేశంలో 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఈ రంగానికి దూరంగా ఉండమని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 నాటి ఆర్థిక చట్టం ఈ ఆస్తులపై వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను విధించింది. మైనింగ్ పరికరాలపై పెట్టిన ఖర్చును నాణెం కొనుగోలు వ్యయంగా పరిగణించబోమని ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టం చేసింది. అంటే పరికరం ఎంపికలో ఎంత నేర్పు చూపినా ఆ ఖర్చుకు పన్ను లెక్కలో చోటు లేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి.

ఒకటి: పరికరం గెలుపును నిర్ణయించినది సంక్లిష్టత కాదు, కొరత. షా–256లో గణనవిభాగాలు, ఈథాష్‌లో మెమొరీ వేగం, ర్యాండమ్‌ఎక్స్‌లో ప్రాసెసర్ సర్వసామర్థ్యం కొరతగా నిలిచాయి. కొరత ఎక్కడుందో గుర్తించినవారికే సరైన ఎంపిక సాధ్యమయింది.

రెండు: ఒక పద్ధతి సమానత్వాన్ని కాపాడిన కాలం, దాని నాణెం విలువకు విలోమంగా ఉంటుంది. నాణెం విలువైనదైతే దానికోసం చిప్ తయారు చేయడం లాభసాటి అవుతుంది. సమానత్వం ఎక్కువకాలం నిలిచిన చోట్ల అందుకు పద్ధతి గొప్పతనం ఎంత కారణమో, దోచుకోదగినంత సంపద లేకపోవడమూ అంతే కారణం.

మూడు: యంత్రంలో సమానత్వం సాధించినా విద్యుత్తు ధరలో, మూలధనంలో, చట్టంలో ఉన్న అసమానత అలాగే ఉంటుంది. గణితసూత్రం ప్రాసెసర్లను లెక్కించగలదు; వాటి వెనుక ఉన్న మనుషులను లెక్కించలేదు. వెయ్యి ప్రాసెసర్లు ఉన్న ఒక్కడికి వెయ్యి ఓట్లు ఉంటాయి. ఒక ప్రాసెసర్‌కు ఒక ఓటు అన్న సూత్రం మొదటి రోజు నుంచీ ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రానికి సమానం కాదు. ప్రత్యామ్నాయ నాణేల పరికరాల చరిత్ర ఆ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర. డిజిటల్ వ్యవస్థలను ప్రజాస్వామ్య పరిభాషలో వర్ణించే ధోరణి పెరుగుతున్న ఈ కాలంలో ‘ఓటు’, ‘సమ్మతి’, ‘వికేంద్రీకరణ’ వంటి మాటలు యంత్రాలకు అన్వయించినప్పుడు వాటి అర్థం ఎంత మిగులుతుందో పరిశోధకులు ప్రతి సందర్భంలోనూ విడివిడిగా పరీక్షించవలసి ఉంది.